నడుచుచున్న సర్వరునకు నకలు



మన సభ్యుల పట్టీలు, తెలుగు బడికై పెట్టుకొనిన అర్జీలు ఒక్క లినక్సు సర్వరులోనే యున్నవి. కొన్నింటి మూలములను చెదలు తినివేసినవి. కావున సర్వరును ఆపకయే, దూరమందలి వేరొక యంత్రమునకు ఎస్.ఎస్.హెచ్. మార్గమున ఆర్‌సింక్‌తో నకలు తీయ నిశ్చయించితిమి.

ప్రోక్, సిస్, డెవ్ అను అరలలోనివి విడువవలెను. అవి కెర్నెలు అప్పటికప్పుడు చూపునవియే గాని డిస్కులోని సరకు కాదు. అసలు చిక్కు డేటాబేసుతోనే. గుమాస్తా వ్రాయుచుండగా చిట్టాను ఉదయమును, ఆవర్జాను సాయంత్రమును నకలు తీసినచో లెక్క కుదురునా? అందుచే మొదటి నకలు పనివేళలోనే సాగినను, కడపట వ్రాతలను కొంతసేపు ఆపి, డేటాబేసును డంపుగా వేరుగా తీసి, మారిన ఫైళ్లను మాత్రమే మరల పంపుదుము. ఎఫ్‌స్టాబ్‌లో డిస్కు గుర్తులు మార్చి, గ్రబ్ నెలకొల్పి, కొత్త యంత్రము స్వయముగా లేచువరకు పాతదానిని కదలింపము.

శనివారము రాత్రి ఎవరును కొత్త వివరములు చేర్చవలదని ప్రార్థించుచున్నారము.