దూరదేశపు అన్యాయం మనకెందుకు?

(స్వచ్ఛంద కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పరాయి దేశంలో జరిగే అన్యాయం గురించి కరపత్రం పంచినా, సంతకాలు సేకరించినా మనకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "ఇక్కడి బాధలన్నీ తీరిపోయాయా, అక్కడివాళ్ల సంగతి మనకెందుకు?" ఎగతాళిగా అడిగేవాళ్లను వదిలేద్దాం. నిజాయితీగా అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు మనం జవాబు చెప్పాలి. అందుకోసం ఒక సమ్మె గురించి మాట్లాడతాను.

1984 జూలై 19న ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోని డన్స్ స్టోర్స్ దుకాణంలో మేరీ మానింగ్ అనే 21 ఏళ్ల ఉద్యోగిని దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన గ్రేప్‌ఫ్రూట్ పండ్లకు బిల్లు వేయనన్నారు. అక్కడి జాతి వివక్ష పాలనకు నిరసనగా ఆ దేశపు సరుకు ముట్టవద్దని ఆమె యూనియన్ తీర్మానించింది. యాజమాన్యం ఆమెను సస్పెండ్ చేసింది. తోటి ఉద్యోగులు కొందరు ఆమె వెంట బయటికి నడిచారు. అంతా కలిపి పట్టుమని పన్నెండు మంది లేరు. ఒకరిద్దరు తప్ప అందరూ యువతులే. షాప్ స్టివార్డ్ కరెన్ గీరన్ కూడా యువతే.

వీళ్లు ఉద్యమాల్లో ఆరితేరినవాళ్లు కారు. దక్షిణాఫ్రికా గురించి అప్పటికి తమకు తెలిసింది చాలా తక్కువని వాళ్లే తర్వాత చెప్పారు. ప్రవాసంలో ఉన్న దక్షిణాఫ్రికా కార్మిక నాయకుడు నిమ్రాడ్ సెజాకే వచ్చి పికెటింగ్‌లో వాళ్ల పక్కన నిలబడ్డారు. తన దేశంలో నల్లవాళ్లు ఎలా బతుకుతున్నారో, ఆ పండ్లు ఎవరి చాకిరీతో వస్తున్నాయో వివరించారు. యూనియన్ ఆదేశంగా మొదలైన సమ్మె అక్కడినుంచి వాళ్ల సొంత నమ్మకమైంది.

ఇక్కడ మనం గమనించవలసినవి మూడున్నాయి.

మొదటిది, ఆ బహిష్కరణ ఎవరి కోరిక? "మీరు పండ్లు కొనకపోతే పోయేది నల్ల కూలీల ఉపాధే కదా" అని ఆ రోజుల్లో చాలామంది వాదించారు. కానీ బహిష్కరించమని అడిగింది ఆ నల్లవాళ్లే. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు ఆల్బర్ట్ లుతూలీ 1959లోనే బ్రిటిష్ ప్రజలకు ఆ పిలుపునిచ్చారు. కష్టం తమకూ తప్పదని, దాన్ని భరించడానికి సిద్ధమేనని ఆయన దాచకుండా చెప్పారు. బాధితులు అడిగినది చేయడం సంఘీభావం. వాళ్లకు ఏది మంచిదో మనమే నిర్ణయించడం పెత్తనం.

రెండవది, ఖర్చు ఎవరు భరించారు? సమ్మె భత్యం వారానికి 21 పౌండ్లు. దారినపోయేవాళ్ల తిట్లు అదనం. 1985 జూలైలో డెస్మండ్ టూటూ ఆహ్వానం మీద దక్షిణాఫ్రికా వెళితే విమానాశ్రయం నుంచే తిప్పి పంపారు. ఇలా రెండేళ్ల తొమ్మిది నెలలు. చివరికి 1987లో దక్షిణాఫ్రికా పండ్లు, కూరగాయల దిగుమతి మీద ఐర్లండ్ ప్రభుత్వ నిషేధం అమలులోకి వచ్చింది. ప్రాజెక్టు గడువుతో పాటే మన సంఘీభావాలు కూడా ముగిసిపోతున్న ఈ రోజుల్లో దీన్ని గుర్తుచేసుకోవడం అవసరం.

మూడవది, ఇలాంటి చిన్న బృందాలు ఒంటరివి కావు. ఐరోపా, అమెరికా ఊళ్లలోని జాతి వివక్ష వ్యతిరేక సంఘాలకు ఐక్యరాజ్యసమితిలో అండగా నిలిచినవారు మన తెలుగువారు, ఇ.ఎస్. రెడ్డి. 1924లో అప్పటి నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతంలో పుట్టి, 2020లో కన్నుమూసిన ఆయన జాతి వివక్ష వ్యతిరేక కేంద్రానికి డైరెక్టరుగా పనిచేశారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఎంతమంది చదివారు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. మేరీ మానింగ్ దక్షిణాఫ్రికాను వెతుక్కుంటూ వెళ్లలేదు. ఆ అన్యాయమే పండు రూపంలో ఆమె చేతిలోకి వచ్చింది. తన చేతుల మీదుగా అది సాగదని ఆమె అన్నారు.

మన చేతుల్లోకి వస్తున్నదేమిటి? కడప, గోదావరి జిల్లాల పల్లెల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లే స్త్రీలను చూడండి. యజమాని అనుమతి లేకుండా పని మారలేరు. పాస్‌పోర్టు లాగేసుకోవడం మామూలు. కువైట్ 2015లో చేసిన చట్టం వారానికో రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని చెబుతుంది. కానీ మూసిన తలుపుల వెనక దాన్ని ఎవరు అమలు చేయిస్తారు? ఆ ఇల్లు కువైట్‌లోనే ఉండవచ్చు. ఆమెను అక్కడికి పంపిన ఏజెంటు మాత్రం మన మండల కేంద్రంలోనే కూర్చుని ఉంటాడు. మన పని అక్కడ మొదలుపెట్టవచ్చు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో అడగడం, ఒప్పందం కాగితం ఆమెకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించడం, నకలు ఇంట్లో ఉంచేలా చూడడం, తిరిగి వచ్చినవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి వాళ్లేం కోరుతున్నారో ముందు వినడం. ఇందులో ఏ ఒక్కదానికీ విదేశీ నిధులు అక్కర్లేదు.

మరోమాట. ఇంటిపనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను భారత ప్రభుత్వం ఆమోదించలేదు. మన ఇళ్లలో పనిచేసే స్త్రీలకు ప్రత్యేకంగా కేంద్ర చట్టమూ లేదు. కువైట్ యజమానిని నిలదీసే మనం హైదరాబాదు యజమానురాలిని, అంటే కొన్నిసార్లు మనల్ని మనమే, వదిలేయలేం. వారపు సెలవు అక్కడ హక్కయితే ఇక్కడా హక్కే. ఈ రెండింటినీ కలిపి అడిగినప్పుడు "ఇక్కడి సంగతేమిటి?" అనేవాళ్లు కూడా మనతో నడుస్తారని నా నమ్మకం.

ఈ సమావేశం ముగిసేలోగా ప్రతి జిల్లా బృందమూ తమ ప్రాంతంలో ఈ పని ఏ మండలం నుంచి మొదలుపెట్టాలో తేల్చుకోవాలని కోరుతూ చర్చకు వదిలేస్తున్నాను.