తెగులు పేరు తేల్చే ఉమ్మడి ప్రయోగశాల



పైరుకు జబ్బు చేసినప్పుడు మనం మొదట అడిగే ప్రశ్న ఏమిటి? "ఏ మందు కొట్టమంటారు?" అని. నిజానికి అది రెండవ ప్రశ్న కావాలి. మొదటి ప్రశ్న "ఇది ఏ జబ్బు?" అన్నది. జబ్బు పేరు తేలకుండా కొట్టిన మందు చీకట్లో విసిరిన రాయి. తగిలితే తగిలింది, తగలకపోతే మందు ఖరీదు, కూలి ఖర్చు, చేజారిన పది రోజులు, మూడూ మన నెత్తినే పడతాయి. జబ్బు పేరు తేల్చే ప్రయోగశాలలు ఎట్లా పనిచేస్తాయి, వాటిని మన విశ్వవిద్యాలయాలు ఉమ్మడిగా ఎందుకు నిర్మించుకోవాలి, అందులో మీ వంతు పని ఏమిటి అన్న సంగతులు ఈనాడు చెప్పుకుందాం.

అనంతపురం జిల్లా రైతులకు 2000వ సంవత్సరం ఖరీఫ్ గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు వేరుశనగలో మొవ్వు ఎండి, కాడ నల్లబడి, మొక్కకు మొక్కే చచ్చిపోయింది. దాదాపు 2 లక్షల 25 వేల హెక్టార్లలో ఈ తెగులు కనిపించింది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైమాటేనని అంచనా వేశారు. చూడటానికి అది మనకు పాత పరిచయమైన మొవ్వుకుళ్ళు తెగులు లాగానే ఉన్నది. కాని ఆకులు తెచ్చి పరీక్షిస్తే మొవ్వుకుళ్ళు వైరసు జాడ దొరకలేదు. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు, రాజేంద్రనగరులోని జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం వారు, స్కాట్లండులోని పంట పరిశోధన సంస్థ వారు కలిసి పనిచేసి, ఇది టొబాకో స్ట్రీక్ అనే వేరే వైరసు అని తేల్చారు. ఆ వివరాలు 2002లో శాస్త్ర పత్రికలో ప్రకటించారు. ఈ తెగులునే మనమిప్పుడు కాండం కుళ్ళు వైరస్ తెగులు అంటున్నాం.

పేరు మారితే మనకేమిటి, పోయిన పైరు పోనే పోయింది గదా అని మీరనవచ్చు. పేరు మారితే నివారణ మారుతుంది. రెండు తెగుళ్ళలోనూ తామర పురుగుల పాత్ర ఉన్నది. కాని అవి చేసే పని వేరు. మొవ్వుకుళ్ళులో తామర పురుగు పిల్ల దశలో జబ్బు మొక్క రసం పీల్చి, వైరసును తన ఒంట్లోనే పెంచుకుంటుంది. పెద్దదై ఎగిరిన తరువాత బతికినన్నాళ్ళూ మొక్కలకు అంటిస్తూ పోతుంది. కాండం కుళ్ళులో వైరసు ఉండేది పుప్పొడిలో. గట్ల మీద, బీళ్ళలో, బాటల పక్కన పెరిగే వయ్యారిభామ మొక్క పైకి నవనవలాడుతూనే ఉంటుంది. జబ్బు చిహ్నమే కనిపించదు. కాని దాని పుప్పొడిలో ఈ వైరసు ఉంటుంది. ఆ పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకునీ, గాలికి కొట్టుకునీ వచ్చి వేరుశనగ ఆకు మీద పడుతుంది. పురుగు ఆకును గీరినప్పుడు ఆ గాయంలోంచి వైరసు లోపలికి దిగుతుంది.

ఇక చేయవలసిన పని మీకే తెలిసిపోయింది. వయ్యారిభామను పూత పట్టకముందే పీకివేయాలి. చేను చుట్టూ జొన్నగాని సజ్జగాని కొన్ని వరుసలు దట్టంగా వేస్తే పురుగుకూ పుప్పొడికీ అడ్డుకట్ట అవుతుంది. విత్తనశుద్ధి చేయాలి. మొక్కలు పలచబడకుండా చూసుకోవాలి. మందు డబ్బా ఒక్కటే నమ్ముకుని గట్టు మీది కలుపును వదిలిపెడితే రోగం మూలం అక్కడే పదిలంగా ఉంటుంది. ఒక్క రైతు పీకితే చాలదు, ఊరంతా పీకాలి. ఈ మాట మనకు చెప్పగలిగినది ఆ పరీక్ష.

ఆ పరీక్ష ఎట్లా చేస్తారు? ఎలీసా అని ఒక పద్ధతి ఉన్నది. ఒక వైరసును శుద్ధి చేసి కుందేలుకు ఎక్కిస్తే, దాని రక్తంలో ఆ వైరసును పట్టుకునే పదార్థం తయారవుతుంది. ఆ రక్తం నుంచి తీసిన సీరమును ప్లాస్టిక్ పళ్ళెంలోని చిన్న గుంటలలో ఉంచి, ఆకు రసం పోస్తారు. ఆ రసంలో అదే వైరసు ఉంటే సీరము పట్టుకుంటుంది. తరువాత వేసే రసాయనాల వల్ల గుంటలో రంగు వస్తుంది. వైరసు లేకపోతే రంగు రాదు. ఒకే పళ్ళెంలో 96 గుంటలు ఉంటాయి కాబట్టి అనేక నమూనాలను ఒక్కసారే పరీక్షించవచ్చు.

రెండవ పద్ధతి పీసీఆర్. వరి గింజలో వరి లక్షణమంతా రాసి ఉన్నట్లే, ప్రతి సూక్ష్మజీవిలోనూ దాని జాతి రాత ఉంటుంది. ఆ రాతలో మనకు కావలసిన ముక్కను ఈ యంత్రం రెట్టింపు చేస్తుంది. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. అట్లా 30 సార్లు రెట్టిస్తే ఒక్క ముక్క 107 కోట్ల ముక్కలవుతుంది. అందుచేత రోగకారకం అణుమాత్రం ఉన్నా బయటపడుతుంది.

బత్తాయి తోటల రైతులకు ఇది బాగా ఉపయోగపడే పరీక్ష. ఆకులు పసుపుబారితే జింకు లోపమా, గ్రీనింగ్ తెగులా అన్నది తరచుగా ఎదురయ్యే చిక్కు. జింకు లోపమైతే నడి ఈనెకు రెండు వైపులా పసుపు ఒకే తీరుగా ఉంటుంది. గ్రీనింగ్ అయితే ఒక వైపు ఒక రకంగా, రెండవ వైపు మరొక రకంగా మచ్చలు మచ్చలుగా ఉంటుంది. కంటికి అంతవరకే తెలుస్తుంది. రెండూ ఒకే చెట్టు మీద కూడా ఉండవచ్చు. గ్రీనింగ్ కలిగించే బాక్టీరియాను మామూలుగా ప్రయోగశాల పళ్ళెంలో పెంచి గుర్తించడం కుదరదు. పీసీఆర్ చేస్తేనే రుజువు. జింకు లోపమైతే జింకు పిచికారీతో కోలుకుంటుంది. గ్రీనింగ్ అయితే చెట్టును నయం చేసే మందు లేదు. ఆ చెట్టు నుంచి అంటుకొమ్మ తీశామా, తెగులును మన చేతులతో మనమే కొత్త తోటకు మోసినట్లు.

ఈ శాస్త్రం జబ్బు పట్టడానికే కాదు, జబ్బును తట్టుకునే వంగడాలను తయారు చేయడానికీ పనికివస్తుంది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అంటే మన బీపీటీ 5204, తినడానికి ఎంత మంచిదో బాక్టీరియా ఎండాకు తెగులుకు అంత లొంగిపోయేది. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం కలిసి, తెగులును తట్టుకునే మూడు జన్యువులను వరిలో మామూలుగా జరిపే సంకరం ద్వారానే దానిలోకి తెచ్చాయి. ఏ మొక్కలో ఆ మూడూ చేరాయో లేత ఆకు పరీక్షతోనే తెలుసుకుంటూ వచ్చారు. అట్లా వచ్చిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. బాపట్ల వంగడం, ఒక సంస్థ పొలం, మరొక సంస్థ ప్రయోగశాల కలిసినందువల్లనే ఆ వడ్లు మన గాదెకు చేరాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు పైరు, తోట, పశువు మూడూ ఒకే ఇంట్లో ఉండేవి. 2005లో తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం వేరుగా ఏర్పడింది. 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది. 2014లో రాష్ట్రం రెండైనాక తెలంగాణలోనూ వ్యవసాయానికి, ఉద్యానానికి, పశువైద్యానికి వేర్వేరు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. బోధనకూ పరిశోధనకూ అది మేలే. కాని అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలం పంచుకుంటారు గాని బావిని పంచుకోరు. వంతుల వారీగా నీళ్ళు పెట్టుకుంటారు. ఖరీదైన ప్రయోగశాల కూడా అట్టి ఉమ్మడి బావి వంటిది. పీసీఆర్ యంత్రానికి తాను రెట్టిస్తున్నది వేరుశనగ వైరసుదా, పశువుల గర్భస్రావం జబ్బుదా అన్న తేడా లేదు. సున్నాకు 80 డిగ్రీల దిగువన నమూనాలను నిలువ చేసే పెట్టెకూ ఆ తేడా లేదు. కుందేలు సీరము ఒక చోట తయారైతే వేలాది పరీక్షలకు సరిపోతుంది. ప్రతి ఇంట్లోనూ మళ్ళీ మొదటి నుంచి తయారు చేసుకోవడం వృథా.

అయితే ఉమ్మడి అన్నదానికి కట్టుబాటు ఉండాలి. కట్టుబాటు లేని ఉమ్మడి బావి పూడిపోతుంది.

మొదటిది, అంచెలు. ఊళ్ళో కంటితో తేలేది ఊళ్ళోనే తేల్చాలి. కృషి విజ్ఞాన కేంద్రంలో, ఏరువాక కేంద్రంలో సూక్ష్మదర్శినితో తేలేది అక్కడ తేల్చాలి. ఎలీసా, పీసీఆర్ అవసరమైనవి మాత్రమే ఉమ్మడి ప్రయోగశాలకు పోవాలి. ప్రతి పసుపు ఆకునూ అక్కడికే పంపితే నిజంగా అత్యవసరమైన నమూనా వరుసలో వెనకబడిపోతుంది.

రెండవది, పోషణ. యంత్రం కొనడానికి డబ్బు ఒక్కసారి దొరికితే చాలు. రసాయనాలకు, మరమ్మతుకు, ఎడతెగని కరెంటుకు, చేయి తిరిగిన పనివారి జీతానికి ఏటేటా కావాలి. ఎద్దులను కొని మేతకు డబ్బు పెట్టకపోతే వ్యవసాయం సాగుతుందా?

మూడవది, నమ్మకం. ఒకే నమూనాను గుర్తు చెప్పకుండా రెండు ప్రయోగశాలలకు పంపి, జవాబులు సరిపోయాయో లేదో అప్పుడప్పుడు చూసుకోవాలి. పీసీఆర్ ఎంత సూక్ష్మమో అంత సున్నితం. పక్క నమూనా నుంచి రవ్వంత తగిలినా లేని జబ్బును ఉన్నట్లు చూపుతుంది. అందుకనే పశువుల నమూనాలకు ఒక గది, మొక్కల నమూనాలకు ఒక గది ఉండాలి. పక్షి జ్వరం వంటి ప్రమాదకరమైన జబ్బుల నమూనాలు ఇక్కడ కాక, భోపాలులోని జాతీయ భద్రతా ప్రయోగశాలకే పోవాలి.

నాలుగవది, జవాబు. పైరు కోసిన తరువాత వచ్చిన జవాబు ఎవరికీ అక్కరకు రాదు. ఎన్ని రోజులలో చెప్పగలరో ముందే చెప్పాలి. జవాబులో జబ్బు పేరుతో పాటు చేయవలసిన పని కూడా తెలుగులో, రైతుకు అర్థమయ్యేటట్లు ఉండాలి.

ఇప్పుడు మీ వంతు. ఎంత గొప్ప ప్రయోగశాల అయినా మీరు పంపిన నమూనాను బట్టే చెప్పగలదు. పూర్తిగా ఎండిన మొక్కను పంపవద్దు. జబ్బు అప్పుడే మొదలైన లేత ఆకులను, వాటితో పాటు అదే చేనులోని ఆరోగ్యమైన మొక్క ఆకులను, వేర్వేరు సంచులలో పెట్టండి. వేరు కుళ్ళు అనుమానమైతే మొక్కను మట్టితో సహా తవ్వి తీయండి, లాగవద్దు. ఆకులను ఎండలో ఉంచవద్దు, నీళ్ళలో తడపవద్దు. వైరసు పరీక్షకైతే మంచు సంచులు పెట్టిన పెట్టెలో చల్లగా పంపండి. వారం మొదట్లో పంపితే సెలవు రోజున దారిలో మురిగిపోదు. చీటీ మీద ఊరు, పంట, వంగడం, విత్తిన తేదీ, జబ్బు కనిపించిన తేదీ, కొట్టిన మందులు రాయండి. కొట్టిన మందు దాచిపెడితే వైద్యుడి దగ్గర రోగం దాచినట్లే. పశువు ఈసుకుపోతే ఆ మాయను, పిండాన్ని ఒట్టి చేతులతో ముట్టవద్దు. అందులో మనుషులకు సోకే జబ్బు ఉండవచ్చు. పశువైద్యుణ్ణి పిలిచి ఆయన చేతనే నమూనా తీయించండి.

విస్తరణోద్యోగులకు ఒక్క మనవి. నమూనా పంపడంతో మీ పని తీరిపోదు. జవాబు రాగానే ఆ రైతు చేనుకు వెళ్ళి చెప్పండి. పక్క చేల వారిని కూడా పిలవండి. ఏ ఊళ్ళో ఏ తెగులు ఏ తేదీన తేలిందో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. మరుసటి ఏడు విత్తనం వేయకముందే ఆ పుస్తకం తిరగవేస్తే ఏ గట్టు మీద వయ్యారిభామ ముందుగా పీకించాలో మీకే తెలుస్తుంది.

రైతు సోదరులారా! మీ ఊరికి దగ్గరలో నమూనా ఎక్కడ తీసుకుంటారో, ఎన్నాళ్ళకు జవాబు ఇస్తారో ఈ వారంలోనే అడిగి తెలుసుకోండి. అటువంటి వసతి లేకపోతే కావాలని రైతు సమావేశంలో గట్టిగా అడగండి. బావి అవసరం తెలిసినవారు అడిగితేనే బావి తవ్వుతారు. చేనులో కొత్త మచ్చ కనిపించినప్పుడు మందుల కొట్టుకు వెళ్ళేముందు రెండు ఆకులు కోసి, చీటీ రాసి, మీ విస్తరణోద్యోగి చేతికి ఇవ్వండి.