రెండు గంటల ప్రయాణము



హైదరాబాదుకడనున్న శంషాబాదు విమానాశ్రయమునుండి ఢిల్లీ విమానాశ్రయమునకు ఆకాశమార్గమున సుమారు 1260 కిలోమీటర్లు. విమానము రెండుంబావు గంటలలో చేరును. రైలుబండి చుట్టుదారిని సుమారు 1670 కిలోమీటర్లు పోవలసియుండుటచే ఒక పగలు, ఒక రేయి పట్టును.

ఈ లెక్కను నమ్మియే నేనొకమారు మోసపోయితిని. ఢిల్లీలో మా యక్కగారికి ప్రాణముమీదికి వచ్చినదని తెల్లవారుజామున కబురందెను. మా యబ్బాయి మధ్యాహ్నపు విమానమునకు టిక్కెట్టు కొనెను. "రెండు గంటల దారియే కదా" యని తలచి, స్నానసంధ్యలు ముగించి నెమ్మదిగా బయలుదేరితిని. మా పల్లెనుండి శంషాబాదునకే నాలుగు గంటలు పట్టెను. విమానము కదలుటకు గంట ముందుగనే సామాను పుచ్చుకొనుట నిలిపివేయుదురు. నేను చేరునప్పటికి ముప్పావుగంటయే మిగిలియుండెను. ఎంత వేడుకొన్నను నియమము నియమమే యనిరి. సాయంకాలపు విమానమున పోయి, రాత్రి యిల్లు చేరునప్పటికి అక్కగారికి మాట పడిపోయియుండెను.

కావున పెద్దలారా, విమానాశ్రయమునుండి విమానాశ్రయమునకు పట్టు కాలము వేఱు, గడపనుండి గడపకు పట్టు కాలము వేఱు. ఇంటినుండి దారి, అచట రెండు గంటల ముందు చేరిక, దిగిన పిదప నగరములోని దారి, అన్నియు కలిపి లెక్కింపుడు. ఏండ్లతరబడి పిల్లలకు కూడికలు నేర్పినవాడను. ఆనాడు నా కూడికయే తప్పినది.