ఊరి పూచీ: వెస్టర్‌వాల్డ్ పల్లెలు నేర్పిన పాఠం



ఎవరి స్మృతిలో ఇక్కడ సమావేశమయ్యామో ఆ పెద్దాయన బతుకంతా పల్లెటూరి సహకార పరపతి సంఘంలోనే గడిచింది. అందుకే అలాంటి సంఘాలకు పుట్టిల్లయిన కొన్ని జర్మన్ పల్లెల గురించి మాట్లాడదలిచాను.

రైన్ నదికి తూర్పున ఉన్న వెస్టర్‌వాల్డ్ కొండసీమలో చలి ఎక్కువ, నేలసారం తక్కువ. పందొమ్మిదో శతాబ్ది నడుమ, ఈ పల్లెలున్న భాగం ప్రష్యా రాజ్యంలో ఉండేది. ఇక్కడి వైయర్‌బుష్ అనే పల్లెకు 1845లో ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రైఫైజెన్ మేయరుగా వచ్చాడు. ఆయన ఆ సీమలోని హామ్ గ్రామంలో 1818లో పుట్టినవాడు. చుట్టుపక్కల పల్లెల బాగోగులూ ఆ పదవి కిందికే వచ్చేవి.

మరుసటి ఏడాదే కరవు వచ్చింది. బంగాళాదుంపకు తెగులు తగిలింది, ధాన్యమూ పండలేదు. 1846-47 చలికాలంలో ప్రభుత్వం పిండి పంపింది కానీ, రొక్కం చెల్లించినవారికే ఇవ్వాలంది. రొక్కమే ఉంటే ఆ ఇళ్లలో ఆకలి ఎందుకుంటుంది? రైఫైజెన్ ఆ షరతును పక్కనపెట్టి పిండిని అప్పు మీద పంచాడు. కలవారి చేత చందాలు వేయించి, ధాన్యం కొనిపించి, ఊరికి ఉమ్మడిగా రొట్టెల పొయ్యి కట్టించాడు. బజారు ధరకన్నా ఎంతో చవకగా రొట్టె దొరికింది.

1848లో ఆయన ఫ్లామర్స్‌ఫెల్డ్‌కు మారాడు. అక్కడి బాధ వేరు. వ్యాపారి ఆవును అప్పు మీద ఇస్తాడు, వాయిదా తప్పితే తోలుకుపోతాడు. వడ్డీ పెరిగితే పొలమూ పోతుంది. ఆయన చొరవతో 1849లో సుమారు 60 మంది స్థితిమంతులు తమ ఆస్తి మొత్తాన్ని పూచీగా పెట్టి డబ్బు తెచ్చారు. ఆ డబ్బుతో పశువులు కొని రైతులకు వాయిదాల మీద ఇచ్చారు.

ఆ తర్వాత ఆయన మేయరుగా వెళ్లిన హెడ్డెస్‌డోర్ఫ్‌లో 1854లో పెట్టిన ధర్మసంఘం ఇంకా పెద్ద బరువు ఎత్తుకుంది. అనాథల పెంపకం, జైలు నుంచి వచ్చినవారికి ఆసరా కూడా దాని పనులే. కానీ ఇచ్చేవారి ఉత్సాహం కొన్నేళ్లకే సన్నగిల్లింది. దానం మీద సంఘం నిలవదని రైఫైజెన్‌కు అప్పుడు తేటపడింది. 1864లో అక్కడే పుట్టిన రుణసంఘంలో అప్పు కావలసినవాడే సభ్యుడు కావాలి, తోటివారి అప్పులకూ పూచీ పడాలి.

ఈ మలుపే అసలు చరిత్ర. సంఘం పరిధి ఒకరినొకరు ఎరిగిన కొద్దిపాటి ఊళ్లు. నిర్వాహకులకు జీతం లేదు. మిగులు నిధిలోకి పోతుంది, పంపకం ఉండదు. ఎవరి ఆవు ఈనింది, ఎవరు తాగుడుకు అలవాటుపడ్డారు అన్నది సభ్యులందరికీ తెలుసు. ఏ పెద్ద బ్యాంకుకూ దొరకని సమాచారం అది. చూపు మందగించి 1865లో పదవి వదిలిన రైఫైజెన్, ఈ అనుభవాన్ని 1866లో పుస్తకంగా వెలువరించాడు. కూతురు అమాలియా ఆయన రాతకోతల్లో తోడు నిలిచింది. 1888లో ఆయన కన్నుమూసేనాటికి ఈ పద్ధతి జర్మనీలో చాలా పల్లెలకు పాకింది.

అది మన దాకా వచ్చిన దారి స్పష్టమే. మద్రాసు ప్రభుత్వం కోరగా ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి ఐరోపా రుణసంఘాలను పరిశీలించి 1895, 1897లలో నివేదికలిచ్చాడు. రైఫైజెన్ పద్ధతినే సిఫార్సు చేశాడు. 1904 సహకార పరపతి సంఘాల చట్టం గ్రామీణ సంఘాలకు అపరిమిత పూచీని, అంటే సభ్యులు తమ ఆస్తి మొత్తంతో పూచీ పడటాన్ని, నియమంగా పెట్టింది.

చట్టం వచ్చింది, సంఘాలూ వచ్చాయి. అయితే మూలధనం సర్కారు నుంచి రావడం మొదలయ్యాక పెత్తనమూ దాని వెంటే వచ్చింది. సంఘం తమదన్న భావన సభ్యుల్లో పలచబడింది. సర్కారు వాటా లేని సంఘాలకు స్వేచ్ఛనిస్తూ ఆంధ్రప్రదేశ్ 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేసింది. హెడ్డెస్‌డోర్ఫ్ అనుభవానికి దగ్గరగా వచ్చిన ప్రయత్నమది.

ఈ సభలో ఉన్న సంఘసభ్యులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి మహాజన సభకు తప్పక వెళ్లండి. జమాఖర్చులు చదివి వినిపించమనండి. బకాయిదారుల పేర్లు అడగండి. మీ పేరు అందులో ఉంటే ముందు అది తీర్చండి.