పావు, పరక, వీసం: వంటింటి కప్పు నుంచి సైటు టేపు దాకా

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సైటు పనివాళ్ళం మేము వంట కొలతల గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. దానికి కారణం ఉంది. మనం బడిలో మీటర్లు, సెంటీమీటర్లు నేర్చుకుని వచ్చినవాళ్ళం. కెనడాలో రోడ్డు బోర్డులు 1977లోనే కిలోమీటర్లకు మారాయి గానీ, ఇళ్ళు కట్టే సైట్లలో ఇంకా అడుగులు, అంగుళాలే నడుస్తున్నాయి. ప్లైవుడ్ షీటు 4 అడుగులు, 8 అడుగులు. గోడలో స్టడ్లు 16 అంగుళాలకొకటి. "ఫైవ్ అండ్ త్రీ ఎయిత్స్" అని పైనుంచి కేకేస్తే టేపు మీద గీత కోసం వెతుక్కునే తమ్ముళ్ళను మేము చూస్తూనే ఉన్నాం. తెలియదని చెప్పడానికి మొహమాటం. దాంతో చెక్క కోసే పని ఇంకొకరికి, మోసే పని మనకి. రెడ్ సీల్ పరీక్ష పాసవ్వాలంటే 70 శాతం రావాలి. భిన్నాలు రాకపోతే అక్కడా ఇబ్బందే.

భయం లేకుండా భిన్నాలు నేర్చుకునే చోటు మన రూము వంటిల్లు. అక్కడ లెక్క తప్పితే ఉప్మా జారవుతుంది, అంతే.

నలుగురైదుగురు కలిసి ఉండే రూముల్లో కప్పుల సెట్టు పూర్తిగా ఎప్పుడూ ఉండదు. 1/3 కప్పు, 1/4 కప్పు, రెండు స్పూన్లు మిగిలాయనుకుందాం. అవి చాలు. మూడు టీస్పూన్లు ఒక టేబుల్ స్పూను. 16 టేబుల్ స్పూన్లు ఒక కప్పు. అంటే కప్పుకు 48 టీస్పూన్లు. ఇక్కడి కప్పు 250 మిల్లీలీటర్లు, 16 స్పూన్లు 240. ఆ పది మిల్లీలీటర్ల తేడా కూరలో తెలియదు.

ఇది మన పెద్దవాళ్ళకు కొత్త కాదు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని వాళ్ళు కొలిచారు. ఒకటిలో సగం అర, దాన్లో సగం పావు, దాన్లో సగం పరక, దాన్లో సగం వీసం. వీసం అంటే 16వ వంతు. కప్పులో టేబుల్ స్పూను వీసమే. మామూలు టేపులో అంగుళం మీద ఉండే చిన్న గీత కూడా వీసమే.

ఇప్పుడు లెక్క చూద్దాం. అర కప్పు కావాలంటే 1/4 రెండుసార్లు. ముప్పావుకు మూడుసార్లు. ముప్పావులో సగం కావాలంటే 3/8, అంటే 6 టేబుల్ స్పూన్లు. 1/4 కప్పు నింపి రెండు స్పూన్లు కలిపితే సరిపోతుంది. నలుగురి వంట ఆరుగురికి చేయాలంటే అన్నీ ఒకటిన్నర రెట్లు: 1/3 కప్పు అర కప్పవుతుంది, ముప్పావు కప్పు ఒక కప్పూ రెండు స్పూన్లూ అవుతుంది. 1/3 కప్పు నింపి, దాంట్లోంచి 1/4 కప్పు నిండేదాకా వంపితే అడుగున మిగిలేది కప్పులో 12వ వంతు, దాదాపు నాలుగు టీస్పూన్లు.

1/3, 1/4 కలిపితే ఎంత? పైవీ కిందివీ కూడి 2/7 అంటారు చాలామంది. అది అర కన్నా తక్కువ. పోసి చూడండి, అర దాటుతుంది. రెంటినీ చిన్న స్పూన్లలోకి మార్చండి: 16, 12, మొత్తం 28. అంటే 28/48, అదే 7/12. టేపు మీదా ఇదే పద్ధతి. 3/8, 5/16 కలపాలంటే ముందు 3/8ని 6/16 చేయాలి. జవాబు 11/16. ముందు ఒకే చిన్న కొలతలోకి మార్చు, తర్వాత కలుపు. ఇంతకు మించి ఇందులో రహస్యమేమీ లేదు.

రెండు జాగ్రత్తలు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు సుమారు 180 మిల్లీలీటర్లు. గిన్నెలో గీతలు ఆ కప్పుకే పెట్టారు. 250 కప్పుతో బియ్యం పోసి ఆ గీతకు నీళ్ళు పెడితే అన్నం పలుకవుతుంది. ఇక పిల్లల మందు వంటింటి స్పూనుతో ఎప్పుడూ కొలవకండి. సీసాతో ఇచ్చిన సిరంజితో, మిల్లీలీటర్లలోనే పోయండి.

కొలత ఒకటే అయినా ఏ కొలమానమో అడగాలి. 1983 జూలై 23న ఎయిర్ కెనడా విమానానికి 22,300 కిలోల ఇంధనం కావాల్సి ఉండగా, లెక్కలో పౌన్లూ కిలోలూ తారుమారై అందులో సగం కూడా లేకుండానే ఎగిరింది. గాలిలో ఇంజన్లు ఆగిపోతే పైలట్లు మానిటోబాలోని గిమ్లీలో దాన్ని దించారు. ప్రాణనష్టం జరగలేదు. అంత పెద్దవాళ్ళకే తారుమారైనప్పుడు, "అంగుళాలా, సెంటీమీటర్లా?" అని అడగడానికి మనకెందుకు సిగ్గు?

సీనియర్ అన్నలకు మా మనవి. ఆదివారం వంట చేసేటప్పుడు కొత్తగా వచ్చిన తమ్ముడి చేతికి కప్పు ఇవ్వండి. లెక్క అతన్నే చెప్పమనండి. తప్పు చెబితే నవ్వకండి, పోసి చూపించండి. పొయ్యి దగ్గర 3/8 తెలిసినవాడికి టేపు మీద గీత దొరుకుతుంది. అప్పుడు రంపం అతని చేతికీ వస్తుంది.