పాత యంత్రము, కొత్త తెలుగు
(ఉప్పళమున జరిగిన తెలుగు ఉద్యోగుల కుటుంబ సమావేశమునందలి ప్రసంగ పాఠము)



ఈ పేటకు ఉప్పళమని పేరు. తమిళమున ఉప్పళమనగా ఉప్పు పండించు మడి. ఉప్పు విలువ తూకమునందు లేదు. చిటికెడే చాలును, ఆ చిటికెడు లేకున్న వంట వంట కాదు. నేటి ప్రసంగ విషయమునకు ఈ పేరు చక్కగా తగియున్నది. తేలికపాటి లినక్సు అనబడు కంప్యూటరు వ్యవస్థలలో ఏయే సాఫ్ట్‌వేరులు లభించును, అవి ఏ వెర్షనులో లభించును, వానిలో తెలుగు అను చిటికెడు ఉప్పు ఉండునా లేదా అనునదే ఆ విషయము.

యానాములో పుట్టి, పుదుచ్చేరిలో కొలువు చేయుచు, ఉప్పళమున కాపురమున్న ఒక గుమాస్తాను ఊహించుకొనవచ్చును. యానాము ఇక్కడికి 800 కిలోమీటర్లకు పైగా దూరము. అయినను రెండును ఒకే ప్రభుత్వము క్రిందివి. ఫ్రెంచి వారి యేలుబడి నుండి 1954లో కార్యతః, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా, రెండును భారతదేశమున చేరినవి. 1965 నాటి అధికార భాషా చట్టము యానాములో తెలుగు వాడుకకు చోటిచ్చినది. అది కాగితముపై ఇచ్చిన చోటు. ఉప్పళములోని ఇంట, బల్లపైనున్న కంప్యూటరులో తెలుగునకు చోటెవరిత్తురు?

ఆ గుమాస్తా ఇంటనున్న యంత్రము పాతది. దాని జ్ఞాపకశక్తి రెండు గిగాబైట్లు మాత్రమే. విండోస్ 10కి ఉచిత రక్షణ సేవ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 ఆ యంత్రమును అంగీకరింపదు. పాతసామానుల వానికి వేయుమని అంగడివాని సలహా. ఇంతలో మిత్రుడొకడు వచ్చి తేలికపాటి లినక్సు ఎక్కించి పోయినాడు. యంత్రము లేడిపిల్లవలె పరుగెత్తినది. అందరును సంతోషించిరి. కాని యానాములోని మామ్మ పంపిన ఉత్తరమును తెరచునప్పటికి అక్షరముల స్థానమున వరుసగా చిన్న చిన్న డబ్బాలు కనబడినవి.

“నాన్నగారూ, ఇందులో తెలుగు లేదండీ!” అని కుమార్తె నిట్టూర్చినది.

ఆ బాలిక మాట సగమే నిజము. ఇంటిలో లేని వస్తువు వేరు, ఊరిలోనే దొరకని వస్తువు వేరు. వంటగదిలో చింతపండు నిండుకొన్నంత మాత్రమున బజారులో చింతపండు లేదని చెప్పగలమా? లినక్సు వాడువారు మొట్టమొదట తెలిసికొనవలసిన భేదమిదే.

లినక్సులో సాఫ్ట్‌వేరులు ప్యాకేజీలనబడు పొట్లములుగా వచ్చును. ఆ పొట్లములన్నియు ఒక భాండాగారమున భద్రపరుపబడి యుండును. ఒక పొట్లము పనిచేయుటకు మరి కొన్ని పొట్లములు అవసరమైనచో, వానిని కూడ వెదకి తెచ్చు బాధ్యత ప్యాకేజీ మేనేజరుది. తేలికపాటి లినక్సు అనగా మొదటనే ఇంటినిండ సామాను దింపని లినక్సు అని యర్థము. ఇంటిలో సామాను తక్కువ. బజారు చిన్నదే కానక్కరలేదు.

అయితే అన్ని తేలికపాటి లినక్సులకును ఒకే బజారు కాదు. యాంటిఎక్స్ అనునది డెబియను భాండాగారముపై ఆధారపడినది. లుబుంటునకు ఉబుంటు భాండాగారము ఆధారము. ఆల్పైను లినక్సునకు తనదే యైన భాండాగారము కలదు. అందలి ప్రోగ్రాములు మజిల్ అను చిన్న మూల గ్రంథాలయముపై నిర్మింపబడినవి గనుక, ఇతర లినక్సులకై జీలిబ్‌సీపై కట్టిన ప్రోగ్రాములు అందులో నేరుగా నడువవు. టైనీకోర్ మొత్తము ఇరవై ముప్పది మెగాబైట్లలో ఇమిడిపోవును. దాని బజారును సహజముగా చిన్నదే. కావున తేలికపాటి లినక్సును ఎన్నుకొనునప్పుడు దాని బరువును మాత్రమే చూచుట చాలదు. దాని వెనుకనున్న భాండాగారమును చూడవలెను.

ఉదాహరణమునకు డెబియను సంగతి. 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాకు ప్రకటించిన ఈ ప్రయత్నము నేడు ఇంచుమించు 70 వేల ప్యాకేజీల భాండాగారమైనది. అందు తెలుగునకు చోటు కలదు. ఫాంట్స్-లోహిత్-టెలు అను పొట్లములో లోహిత్ తెలుగు ఖతి యున్నది. ఫాంట్స్-టెలు-ఎక్‌స్ట్రా అను పొట్లములో తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించి లోకమునకు ఉచితముగా నొసగిన పోతన 2000, వేమన 2000 ఖతులున్నవి. అక్షరదోషములు చూచుటకు హన్‌స్పెల్-టె, అచ్చుపుటను చదివి అక్షరములుగా మార్చుటకు టెసరాక్ట్-ఓసీఆర్-టెల్ కలవు. భారత ప్రభుత్వము ప్రామాణికముగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్టు కీబోర్డు అమరికకు వేరుగా ప్యాకేజీయే అక్కరలేదు. అది వ్యవస్థలోనే ఇమిడియున్నది, ఎన్నుకొనుటయే తరువాయి. యాంటిఎక్సు వాడువారికి ఇవన్నియు అందుబాటులోనివే. ఆ బాలిక కోరిన తెలుగు ఒక ఆజ్ఞ దూరమున నున్నది.

ఇక వెర్షనుల మాట. తేలికపాటి లినక్సుపై తరచుగా వినబడు ఫిర్యాదు ఒకటి కలదు: “ఇందులో అన్నియు పాత వెర్షనులే; ఫలానా ప్రోగ్రాము మూడు మెట్లు ముందుకు పోయినది, ఇక్కడ ఇంకను వెనుకనే యున్నది” అని. ఇది పూర్తిగా తప్పు కాదు. కాని ప్రభుత్వోద్యోగులకు దీనిలోని మర్మము ఇతరులకన్న సులభముగా బోధపడవలెను.

1922 జనవరి 1న అమలులోనికి వచ్చిన ఫండమెంటల్ రూల్సు నేటికిని చెలామణిలో నున్నవి. అవి నూరేండ్ల నాటివి గనుక చెల్లవని ఏ సెక్షనులోనైన ఎవరైన వాదింతురా? పుస్తకము పాతదే, ఎప్పటికప్పుడు అతికించిన సవరణ చీటీల వలన అందలి నియమము నేటిది. డెబియను స్థిర శాఖ పద్ధతియు ఇట్టిదే. ఒక విడుదలకు ముందు ప్యాకేజీల వెర్షనులను స్తంభింపజేయుదురు. వేల ప్యాకేజీలు ఒకదానితో నొకటి పొసగునట్లు పరీక్షింతురు. విడుదల యైన పిమ్మట సాధారణముగా క్రొత్త వెర్షను తేరు. క్రొత్తదానిలోని భద్రతా సవరణను మాత్రము తెచ్చి పాతదానికి అతికింతురు. వెర్షను సంఖ్య పాతదిగానే కనబడును. దాని చివర సవరణ చీటీ గుర్తు చేరును.

2014 ఏప్రిలులో ఓపెన్ఎస్ఎస్ఎల్ అను ప్రోగ్రామునందు హార్ట్‌బ్లీడ్ అను ఘోరమైన లోపము బయటపడినది. మూలకర్తలు 1.0.1జీ అను క్రొత్త వెర్షనులో దానిని సరిచేసిరి. నాటి డెబియను 7లో నున్నది 1.0.1ఇ. సంఖ్య మాత్రమే చూచినవాడు “ఇది లోపమున్న వెర్షనే” యని భయపడును. కాని డెబియను వారు అదే 1.0.1ఇ వెర్షనుకు సవరణ నతికించి, గుర్తు మార్చి పంచిరి. అనగా వెర్షనులోని మొదటి భాగము మూలకర్త ముద్రణ సంఖ్య. చివరి భాగము సవరణ చీటీ. రెండును చదివిననే ఫైలు చదివినట్లు.

క్రొత్తదనమే క్షేమము కాదనుటకు 2024 నాటి ఉదంతము మరొక సాక్ష్యము. ఎక్స్‌జెడ్ అను కుదింపు ప్రోగ్రాము యొక్క 5.6.0, 5.6.1 వెర్షనులలో ఎవరో దొడ్డిదారి నొకదానిని దాచిరి. దూరపు యంత్రములోనికి ప్రవేశించునప్పుడు అర సెకను ఆలస్యమగుట గమనించి, ఆండ్రెస్ ఫ్రూయెండ్ అను ఇంజనీరు పరిశోధించి, మార్చి 29న దానిని బయటపెట్టెను. క్రొత్తదనము కొరకు తొందరపడిన శాఖలకు ఆ విషము చేరినది. స్థిర శాఖయైన డెబియను 12లో నున్నది 5.4.1, దానికి ఏ హానియు కలుగలేదు. అందరిలో వెనుకబడెనని పేరుపడిన వాడే నాడు సురక్షితుడయ్యెను.

ఇంతమాత్రమున పాతదియే మేలని నిర్ణయించుట పొరపాటు. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరమే ప్రపంచవార్త యైనది. “జ్ఞా” అను సంయుక్తాక్షరమునకు సంబంధించిన ఒకానొక అక్షరశ్రేణి వచ్చినంతనే ఐఫోనులలో సందేశముల ప్రోగ్రాములు కుప్పకూలినవి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వెర్షను వచ్చి ఆ దోషమును తొలగించినది. జ్ఞానమను మాటలోని మొదటి అక్షరమే యంత్రమునకు మింగుడుపడకపోవుట విచిత్రము. అట్టిచోట వెర్షను మార్పే మందు. వత్తులు, గుణింతములు సరిగా కూర్చవలసిన ప్రోగ్రాములు మరీ పాతవైనచో తెలుగు చెదరిపోవును. కావున ప్రశ్న “క్రొత్తదా, పాతదా?” అని కాదు, “దీనికి నేడు సవరణ చీటీలు వచ్చుచున్నవా?” అని.

ఈ ప్రశ్న వేసినప్పుడు కొన్ని కఠిన సత్యములు కూడ ఎదురగును. డెబియను 13 విడుదల 2025 ఆగస్టు 9న జరిగినది. 32 బిట్ల పాత ప్రాసెసరులకు దానిని క్రొత్తగా స్థాపించు వీలు లేదు. అట్టి యంత్రము గలవారు డెబియనునే వాడగోరినచో డెబియను 12తో నిలువవలసినదే. లుబుంటు సైతము 2019 నాటి 19.04 విడుదలతో 32 బిట్లను విడిచినది. డెబియను విడుదలకు సామాన్యముగా మూడేండ్ల పూర్తి సేవ, పిదప రెండేండ్ల దీర్ఘకాల సేవ ఉండును. ఆల్పైను ఇంచుమించు ఆరు నెలలకొక విడుదల చేయును. అందు ముఖ్య భాగమునకు సేవ సుమారు రెండేండ్లు. ఎంత తేలికైన లినక్సైనను గడువు దాటినదానిని అంతర్జాలమునకు కలుపుట తలుపు తీసి నిద్రించుటయే.

గృహస్థులు చేయవలసిన పని నాలుగు మాటలలో చెప్పవచ్చును. మొదట యంత్రము 32 బిట్లదా, 64 బిట్లదా తెలిసికొనవలెను. రెండవది, ఎంచుకొన్న లినక్సు ఏ భాండాగారముపై నాధారపడినదో, దాని సేవాగడువు ఎన్నడో చూడవలెను. మూడవది, కావలసిన ప్యాకేజీ అందున్నదా యని స్థాపనకు ముందే వెదకవలెను. డెబియను కుటుంబమున “ఆప్ట్ సెర్చ్” అను ఆజ్ఞ దాని ఉనికిని, “ఆప్ట్ పాలసీ” అను ఆజ్ఞ దాని వెర్షనును చెప్పును. నాల్గవది, దొరకని దానికై ఎక్కడెక్కడివో అపరిచితమైన పొట్లములు తెచ్చి ఎక్కింపరాదు. భాండాగారములోని పొట్లమునకు ముద్ర యుండును; దారిలో దొరికిన దానికి ఉండదు.

చివరగా నొక మాట. డెబియను వారి పరిభాషలో ప్యాకేజీని చూచుకొనువాడు విడిచిపోయినచో ఆ ప్యాకేజీని “అనాథ” యందురు. ఎవరైన ముందుకు వచ్చి స్వీకరించిన దానిని “దత్తత” యందురు. ఎవరును దత్తత చేసికొనక, లోపములు పేరుకొనిన ప్యాకేజీ కాలక్రమమున భాండాగారము నుండి తొలగింపబడును. చట్టము భాషకు హోదా నీయగలదు. ఖతిని, నిఘంటువును, దోషసూచికను మాత్రము మనుష్యుడే చూచుకొనవలెను. ఖతులు చేసి దానమిచ్చిన దేశికాచార్యులు గారు ఎవరి ఉత్తర్వు కొరకును ఎదురుచూడలేదు.

ఆఫీసులో దినమెల్ల చిత్తుప్రతులు దిద్దు కన్నులు ఈ సభలో అనేకములున్నవి. తెలుగు దోషసూచికలో తప్పిపోయిన పదములను గుర్తించి పంపుట, ఖతిలో చెదరిన వత్తును చూపి నివేదించుట ఆ కన్నులకు భారము కాదు. నివేదన యందకున్న సవరణ చీటీ యెట్లు వచ్చును?

ఉప్పళపు గుమాస్తా ఇంట ఆ సాయంకాలము పొట్లములు రెండు దిగినవి. డబ్బాలు పోయి అక్షరములు నిలిచినవి. మామ్మ ఉత్తరమును బాలిక పైకి చదువుచుండ, తండ్రి పాత యంత్రముపై నున్న దుమ్మును తువ్వాలుతో తుడిచెను. అది మరి కొన్నియేండ్లు ఆ ఇంటనే ఉండును.