కోలారు గుహలోని గబ్బిలాలు



జాషువా కావ్యంలో ఒక నిరుపేద తన మొరను కాశీలోని శివునికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. నేడు గబ్బిలాల మొరను మనమే వినవలసి వచ్చింది.

తెలుగు, కన్నడం కలిసి వినబడే కోలారు జిల్లాలో హనుమనహళ్లి అనే గ్రామం ఉన్నది. ప్రపంచంలో మరెక్కడా కానరాని ఒక ఆకుముక్కు గబ్బిలపు జాతి అక్కడ నివసిస్తున్నది. 1994లో శాస్త్రజ్ఞులు దీనిని ప్రత్యేక జాతిగా వర్ణించారు. ఇదివరకు రెండు గుహల్లో ఉండేవి. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. 2016 నాటి అంచనా ప్రకారం వాటి సంఖ్య 200 లోపే. గ్రానైటు తవ్వకాలే ప్రధాన కారణం. ఉన్న గుహ చెడితే ఈ జాతికి మరొక ఇల్లు లేదు.

మన చెవికందని వాటి కూతలను పరిశోధకులు యంత్రాలతో నమోదు చేసి, వాటిని పట్టుకోకుండానే అధ్యయనం చేస్తున్నారు. మనం చేయవలసినది ఇంకా సులభం. గుహల్లో దీపాలతో, కేకలతో ప్రవేశించరాదు. ఇంటి చూరున గబ్బిలం కనిపిస్తే అరిష్టమని పొగబెట్టి తరమరాదు. చిన్న గబ్బిలాలు రాత్రివేళ దోమలను, పురుగులను తింటాయి. అనేక జాతులు ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి. తగ్గిన సంఖ్య త్వరగా పెరగదు.

ఈ మాట మీ పిల్లలకూ చెప్పగలరని ప్రార్థన.